సొట్టలు

మొదటిసారి తెచ్చినప్పుడు అతనికి పంతొమ్మిది, నాకు పదిహేను.
ఫిలడెల్ఫియాలో మా నాన్న కొట్టు,
కిటికీలో మూడు సాక్సఫోన్లు, ఒక చచ్చిన ఈగ.
"చర్చి మెట్ల మీద జారింది" అన్నాడు.
ట్రాంబోన్ మెడ మీద సొట్ట మెట్టు అంచులా లేదు,
మనిషి మడమలా ఉంది.
నాన్న అడగలేదు.
చిట్టాలో నేనే రాశాను:
లెమ్యూల్ ప్రూయిట్. రెండు డాలర్లు. బాకీ.

చాలా ఏళ్లకి తనే చెప్పాడు.
ప్రార్థనగీతం చివరి స్వరం దగ్గర ఆగకుండా
కిందికి, ఇంకా కిందికి, మూలుగు దాకా జార్చాడట.
గాయకబృందం పెద్ద లేచొచ్చి తొక్కాడు.
"పియానోకి మెట్లుంటాయి.
ఆ మెట్టుకీ ఈ మెట్టుకీ మధ్య ఎవరూ కాపురం పెట్టరు.
అక్కడ అద్దె తక్కువ."

రెండోసారి మూతి అంచు మడతపడింది.
ఎవరిదో పెళ్లి డాన్సు. పెళ్లికూతురు నవ్వితే
ఆ నవ్వుని అలాగే, ఊపిరి ఎగబీల్చడంతో సహా,
ఊది చూపించాడు.
పెళ్లికొడుకు కుర్చీ విసిరాడు.
"ఆమె మాత్రం మళ్లీ నవ్వింది" అన్నాడు,
సుత్తి దెబ్బల మధ్య, ఆ నవ్వే ఈలవేస్తూ.

తర్వాత న్యూయార్క్. ఒకప్పటి టోపీల ఫ్యాక్టరీలో ఐదో అంతస్తు.
రేడియేటర్ వేడెక్కదు, రాత్రంతా కొట్టుకుంటుంది.
దాన్నే డ్రమ్మర్‌ని చేసుకున్నాడు.
పద్నాలుగు నిమిషాల రచన: ఒక ట్రాంబోన్, ఒక రేడియేటర్.
విన్నవాళ్లు పదకొండు మంది,
అందులో నలుగురు చలి కాచుకోవడానికి వచ్చి మోసపోయినవాళ్లు.

బ్రెమెన్‌లో గోడల నిండా అతని పేరు.
రచ్చ గెలిచి వచ్చేసరికి
ఇంట్లో కరెంటు కోసేశారు.

పన్నెండేళ్లు కొట్టుకి రాలేదు.
ఒక సాయంత్రం బస్సెక్కితే స్టీరింగు దగ్గర అతను,
యూనిఫారం గుండీలన్నీ పెట్టుకుని.
పాత టికెట్ల వెనక గీతలు గీస్తున్నాడు, ఎర్ర దీపం పడ్డప్పుడల్లా.
ఒక గీత పైకి లేచి, వణికి,
గాల్లోనే ఆగిపోయింది.
"ఇదెక్కడ దిగుతుంది?"
"స్టాపొస్తే."

ముందుపళ్లు రెండు ఊడాయి, అరవై రెండో ఏట.
పెదవి ఎడమ కొసతో మొదట్నుంచీ నేర్చుకున్నాడు.
మౌత్‌పీస్ అంచు నేను అరగదీసిచ్చాను.
ఆర్నెల్లు గాడిద కూడా సిగ్గుపడే చప్పుళ్లు,
మా వెనక గదిలోనే,
నేను క్లారినెట్‌లకి బెండు మారుస్తుంటే.

ఆ మీదట ఒక విశ్వవిద్యాలయానికి జ్ఞానోదయమైంది.
ఎనభై మంది వాద్యకారులు, నల్ల కోట్లు.
వయొలిన్ పిల్ల ఒకతె లేచి అడిగింది:
"ఈ వంకర గీత ఏ స్వరమండీ?"
"మీ తాతకి కోపమొస్తే గొంతెలా లేచేది?"
ఆమె కాసేపాలోచించి, వాయించింది.
వేదిక మీదికి రేడియేటర్ కూడా తెచ్చారు, వెండి రంగు పూసి.
ఆ రంగు అతనికి నచ్చలేదు.
నేను మూడో వరసలో కూర్చున్నాను.
అర్థమైందని అబద్ధం చెప్పను;
ఎక్కడో ఒకచోట మా నాన్న దగ్గు వినబడింది.

నిన్న వచ్చాడు. ఎనభై ఒకటి.
పెట్టె తెరిచి, ఇత్తడి మెడ మీద వేలు పెట్టాడు.
నున్నగా ఉంది. మా నాన్న చేతి పని.
"ఇక్కడొక సొట్ట ఉండేది. దాంతో
ఒక స్వరం కాస్త కుంటేది.
కొత్త రచనకి అది కావాలి. తిరిగి పెట్టగలవా?"

అరవై ఏళ్లు తీయడమే నేర్చాను.
ఎక్కడెంత కొట్టాలో చేతికి తెలియడం లేదు.
అతను ట్రాంబోన్‌ని నేల మీద పరిచి,
పసిపిల్లని పడుకోబెట్టినట్టు, కింద తన కోటు సర్ది,
"బూటుతోనే" అన్నాడు.

చిట్టా తెరిచే ఉంది.
పనికి పేరేం రాయాలో తోచక
తేదీ మటుకు వేశాను.