ఉప్పు ఓటు

నెలకో శనివారం, ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ ఆగాక
తూకం గదిలో ఏడుగురం కూర్చుంటాం.
తలో రెండు వేలు.
మధ్యలో ఒక బిస్కెట్ల డబ్బా, మూతకి వేలు దూరేంత బెజ్జం.
కొందామంటే రొయ్యల మేతగింజ,
వద్దంటే ఉప్పుగల్లు.
ఈ ఏర్పాటు ఏసుపాదం మాస్టారిది.
చేతులెత్తమంటే
అందరూ ముందు మీరావలి చేతివైపు చూస్తున్నారని.

పద్దు రాసేది నేను.
నాలుగుకి మూడుతో ఒక బ్యాంకు కొన్నాం, పడిపోయింది.
డబ్బు ఏడుగురిదీ పోయింది,
"మేం అప్పుడే అన్నాం" మాత్రం ముగ్గురికి మిగిలింది.
రెండు నెలలు దాంతోనే టీ తాగారు.
రంగుల కంపెనీ కొందామంది సుభద్రాయమ్మ:
"గాలివాన వెలిశాక గోడకి రంగెయ్యని వాడుంటాడా?"
ఉంటాడనే చెప్పాయి ఐదు ఉప్పుగల్లులు.

ఆ శ్రావణం, భీమవరం అంతా ముసురు.
మీరావలి మేత కంపెనీ పేరు తెచ్చాడు.
ఫోన్లో లెక్కలు చదివాడు. లాభం ఎక్కడిదంటే
"బస్తాకి నూటయాభై పెంచారు కదండీ" అని
సగంలో ఆగిపోయాడు.

పేర్రాజు మేత అరువు మీద తెస్తాడు.
నాలుగెకరాల చెరువు, నలభయ్యో రోజున తెల్లమచ్చ,
వేలెడంత కూడా లేని రొయ్యల్ని
అడిగిన రేటుకి అమ్ముకున్నాడు.
అతనే అన్నాడు:
"కొనండి. బస్తా విప్పినప్పుడల్లా
నా డబ్బు వాళ్లింటికి నడిచెళ్తోంది.
వెనకాలే ఓ కుర్రాణ్ణి పంపినట్టుంటది."

డబ్బా తిరిగింది. కరెంటు పోయింది.
వాన తగ్గాక చూద్దాంలే అని
గంటసేపు చీకట్లో ఎవరి తడి చొక్కాలో వాళ్లం.

లైటొచ్చాక మూత తీస్తే
ఆరు మేతగింజలు, ఉబ్బి.
ఏడోది లేదు.
ఐసు గుడ్డతో తుడిచిన డబ్బా, అడుగున చిన్న చెమ్మ.
మీరావలి వేలితో అద్ది నాలిక్కి రాసుకున్నాడు.
"ఉప్పేనండి."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ అడగలేదు.
ఆరంటే ఆరే, కొనేశాం.
పద్దులో "కొందామని ఆరు" అని రాసి
"వద్దని" దగ్గర కలం ఆగింది.
"కరిగినది ఒకటి" అని రాశాను.

షేరు పెరిగింది. పేర్రాజు వాటాకి
పదమూడు వందలు తేలాయి.
మేత బాకీ మీద ఆ ఏడు ఎక్కువ పడింది పద్దెనిమిది వేలు.
కుర్రాడు వెళ్లాడు గానీ, పాపం, మోయలేకపోయాడు.

మర్నెల నుంచి ఉప్పు మానేశాం,
వద్దనడానికి చింతపిక్క.

ఆ రాత్రి అన్నంలో చెయ్యి పెట్టబోతే
నా వేళ్లు మేత వాసన కొట్టాయి.
రెండుసార్లు సబ్బు రాశాను.
మిగతా వాళ్లూ వాసన చూసుకునే ఉంటారు.
పేర్రాజు చేతులు ఎప్పుడూ ఆ వాసనే,
వాటిని అడిగి లాభం లేదు.