కీమన్ నడక

పుస్తకంలో ఈ పాటకు వేరే పేరుంది.
కట్టినవాడు మెక్రే అని,
చలికొండల పద్ధతి అని,
పొట్టి స్వరం ముందు, పొడుగు స్వరం వెనక
తూలి నిలదొక్కుకున్నట్టుండే ఆ విరుపు
ఆ దేశపు నెత్తురులోనే ఉందని రాశారు.
కాజీపేట ఊసే లేదు.

నాకు వయొలిన్ నేర్పిన మా తాత యాకయ్య
లోకో షెడ్డులో బాయిలర్లు కడిగేవాడు.
పింఛనొచ్చినా గోళ్లలో మసి పోలేదు.
ఆయన దీన్ని ఏ పేరుతోనూ పిలవలేదు.
"సాంబని నడక తియ్యి" అనేవాడు,
కమాను చేతికిస్తూ.

కట్కూరి సాంబయ్య, కీమన్.
తెల్లారకముందే కాజీపేట నుంచి పెండ్యాల దిక్కు
భుజాన సుత్తె, నడుముకు ఎర్రగుడ్డ,
పట్టాల నడుమ చెక్క స్లీపర్ల మీద నడిచేవాడు.
వదులైన కీ కనబడితే ఆగి
రెండు దెబ్బలు.
ఎడమకాలు ఎప్పుడో పట్టా కింద నలిగింది.
అది పొట్టి అడుగు. కుడిది పొడుగు.

ఫోర్‌మన్ మెక్రే దొర బంగళా లైను పక్కనే.
చలిజ్వరంతో నెల్లాళ్లు మంచం పట్టిన మనిషికి
కిటికీలోంచి కదిలింది ఆ నడకొక్కటే.
లేచి కూచోగానే ఫిడేలు అందుకున్నాడట.

శనివారం రాత్రి ఇన్‌స్టిట్యూట్‌లో మొదటిసారి వాయిస్తే
గార్డులు, డ్రైవర్లు, వాళ్ల ఆడవాళ్లు
ఒక కాలు ఈడుస్తూ గిరగిరా తిరిగారట
విరగబడి నవ్వుతూ.
మా తాత సోడాలు అందిస్తున్నాడు.
వరండా మెట్టు మీద సాంబయ్య.
ఎవరూ చెప్పలేదు.
తన కాలును తాను గుర్తుపట్టడా?

అందరూ పోయినంక లోపలికొచ్చాడు.
చేతిలో సుత్తె చూసి తాత గోడకు అతుక్కుపోయాడు.
"తప్పు వాయించినవ్ దొరా.
గంత దూరం ఆగకుంట నడుస్తనా నేను?
మరి కీలు ఎవడు చూడాలె?"
అని, బల్ల మీద
రెండు దెబ్బలు.

దొర ఏమన్నాడో తాత ఒక్కోసారి ఒక్కోలా చెప్పేవాడు.
నవ్వాడనీ, నవ్వలేదనీ,
విస్కీ పోశాడనీ, కాదు సోడానే అనీ.
మార్చని మాట ఒక్కటే:
ఆనాటి నుంచి మూడో వరస చివర
దొర కమాను తిరగేసి
ఫిడేలు పొట్ట మీద రెండుసార్లు తట్టేవాడు.

పుస్తకంలో ఆ దెబ్బలు లేవు.
అక్కడ పాట ఆగకుండా పోతుంది
కీలన్నీ బిగువుగానే ఉన్నట్టు.

నేనూ అనుమానించాను, చాలా ఏళ్లు.
దొర పుట్టకముందే ఆ దేశంలో ఆ విరుపుంది,
పాత రికార్డుల్లో నా చెవులతో విన్నాను.
తాతకు చెబితే బీడీ ఆర్పి
కాసేపు ఊరుకున్నాడు.
"ఉండనీ. ఆడ కుంటోళ్లు లేరా?"

ఇప్పుడు స్లీపర్లు సిమెంటువి.
కీలు పోయి ఉక్కు క్లిప్పులొచ్చాయి.
ఫాతిమానగర్ నుంచి సైకిలు మీదొచ్చే రోజ్‌లిన్
కాగితం చూసి పాటంతా నేర్చుకొచ్చింది,
ఒక్క స్వరం పోకుండా.
మూడో వరస చివర నేను చెయ్యెత్తాను.
"ఇక్కడేం లేదు కదా సార్?"

కమాను తిరగెయ్యమన్నాను.
వార్నిష్ పోతుందని భయపడింది పిల్ల.
మెల్లగా తట్టింది, ఒక్కసారి.

ఇంకోటి కొట్టు, అన్నాను.
ఒక్క దెబ్బకు కీ బిగియదు.