చంద్రగిరికి ఒక దువ్వెన

మోహన దాటాక
ఘాటీ తొమ్మిదో మలుపులో
పైడి నా చొక్కా మీద వాంతి చేసుకుంది.
కండక్టరు ఒడియాలో ఏదో గొణిగి
నిమ్మచెక్క చేతిలో పెట్టాడు.
చలి మాత్రం టికెట్టు లేకుండా ఎక్కేసి
సవర ముసలాయన పసుపు బస్తా పక్కనే కూర్చుంది.

జేబులో మూడొందల యాభై రూపాయలు,
కాగితంలో చుట్టిన దువ్వెన.
గేదె కొమ్ముతో నేనే చేశాను, పదకొండు రోజులు.
వీపున రెండు హంసలు,
పళ్ళు సన్నం,
పేను కూడా తప్పించుకోలేనంత సన్నం.

చలికాలం రాగానే ఆమె
మా పర్లాకిమిడి బజారు చివర టార్పాలిన్ కట్టి
స్వెట్టర్లు అమ్మేది.
అసలు పేరు చిమే.
మా నోళ్ళలో నలిగి చీమమ్మ అయింది.
ఆమె కూడా ఒప్పేసుకుంది:
"సీమలమే బాబూ మేం,
ఎండకి కొండెక్కీసి, సలికి దిగిపోతాం."

పైడి ఏడో నెలకే పుట్టేసిన పుష్యమాసంలో
ఖాళీ జేబుతో ఆ టార్పాలిన్ ముందు నిలబడ్డాను.
బేరమాడలేదు. అడగనూ లేదు.
నా అరచెయ్యి తిరగేసి చూసి
"ఇంతేనా పిల్ల?" అంది.
అట్టడుగు నుంచి పసుపుపచ్చది లాగి ఇచ్చింది.
"డబ్బులకేటి, మల్లేడొస్తాను కదా."

మళ్ళేడు రాలేదు. ఆ పైయేడూ రాలేదు.
ఆ చోట్లో ఇప్పుడు
మొబైల్ కవర్ల బండి.

బస్సు దిగితే
ప్రతి చూరుకీ మొక్కజొన్న కంకుల జడలు.
కొండ నడుం మీద మేఘం ఒకటి
దిగాలా వద్దా అని ఆలోచిస్తోంది.
అటు లోయలో ఎక్కడో నీళ్ళు పడుతున్నాయి,
కనిపించవు, చప్పుడే.
ఎర్ర, నీలం, ఆకుపచ్చ జెండాలు తాళ్ళ నిండా.
"మంచు పడతంటే బట్టలు తియ్యరేటి ఈల్లు?"
పైడి కోప్పడింది.

గుడి మెట్ల మీద భయమేసింది.
ప్రాణి చంపని చోటికి
కొమ్ము తెచ్చాను కదా.
క్రికెట్ బ్యాటుతో పోతున్న గుండు కుర్రాడిని ఆపి
ఒడియాలో అడిగాను, లోపలికి తేవచ్చా అని.
"నువ్వు చంపావా?"
"లేదు. చచ్చినదే."
"మరి దానికి లేని భయం నీకెందుకు?"
అని బంతి వెనక పరిగెత్తాడు.

లోపల
తామర మీద కూర్చున్న బంగారు గురువు.
ముఖం చూద్దామని తలెత్తిన పైడి
వెల్లకిలా పడింది. ఏడవలేదు.
అక్కడే పడుకుని చూసింది చాలాసేపు.
వెన్నదీపాల పొగలో
నాకు నా అంగడి వాసన గుర్తొచ్చింది,
రంపం కింద కాలే కొమ్ము వాసన.
ఏం మొక్కుకోవాలో తోచలేదు.
దీపాల వరస ఒంకర లేకుండా ఉందని మాత్రం
పనివాడిగా మెచ్చుకున్నాను.

చీమమ్మ వెనక అరుగు మీద ఉంది.
ఎర్రబట్ట. చేతిలో తిరిగే చక్రం.
తల మీద ఒక్క వెంట్రుక లేదు.

నా చెయ్యి జేబులోనే ఆగిపోయింది.

ముందు డబ్బులిచ్చాను.
లెక్కపెట్టి యాభై వెనక్కిచ్చింది.
"ఇదెందుకు?"
"వడ్డీ."
"అయితే మరీ వద్దు.
ఆ సొక్కా ఉందా ఇంకా?"
"మా వీధిలో ఐదో పసిగుడ్డు తొడుక్కుంటోంది."
"మరాల్లందరి డబ్బులూ ఏవి?"
అంటూ చెయ్యి చాపింది.
నేను నిజమనుకుని కంగారు పడ్డాను.

అప్పుడడిగింది, జేబులో ఆ ఎత్తేమిటని.

కాగితం విప్పి చూసింది.
గుండు తడుముకుంది.
దగ్గు వచ్చేదాకా నవ్వింది.
నేనూ నవ్వాలనుకున్నాను, చేతకాలేదు.

అరుగు కింద పడుకున్న ఉన్నిముద్ద
లేచి ఒళ్ళు విదిల్చుకుంటే తెలిసింది
అది కుక్క అని.
దాన్ని ఒళ్ళోకి లాక్కుని
నుదుటి నుంచి మెల్లగా దువ్వడం మొదలెట్టింది.
నా రెండు హంసలు
ఆ జూలులో మునుగుతూ తేలుతూ పోయాయి.
చిక్కులు విడిపోతుంటే
ఎక్కడో లోపల నుంచి
రెండు కళ్ళు బయటపడ్డాయి.

కుక్క పైడిని చూసింది.
పైడి కుక్కని చూసింది.
కింద రోడ్డు మీద ఆఖరి బస్సు
హారన్ కొడుతూనే ఉంది.