గురిగింజ ఎత్తు

ప్యూబ్లోలో మార్చి గాలి గరాజ్ తలుపుని
అప్పులవాడిలా బాదుతోంది.
ఫ్యాన్ కట్టేశాను, రేడియో కట్టేశాను,
ఊపిరి కూడా పక్కకి తిరిగి వదులుతున్నాను.
త్రాసు పళ్ళెంలో ఉన్నది మందు.
తుమ్మితే లెక్క పోతుంది.

దీన్నిక్కడ గ్రెయిన్లలో తూస్తారు. అంటే గింజలే.
మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది.
మా తాత పెట్టెలో గురిగింజలుండేవి,
ఎర్రటి ఒళ్ళు, నల్లటి మూతి,
గింజకీ గింజకీ తేడా లేకుండా ఏరుకున్నవి.
ఆడపిల్లవి, కొలిమి దగ్గరికి రాకు అనేవాడు గానీ
ముల్లు నిలిచిందో లేదో చూడ్డానికి నన్నే పిలిచేవాడు,
చూపు ఆనక.
ఇప్పుడూ అదే పని. ముల్లు నిలిచేదాకా చూడటం.

పగలు డెంటల్ ల్యాబులో
ముఖాలు తెలియని దవడలకి తొడుగులు పోస్తాను.
రాత్రి ఇది. నేర్పింది పక్కింటి డెల్ఫీన్ రకర్ట్,
ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి.
శనివారం శనివారం క్లబ్బులో కాగితాన్ని కాలుస్తుంది.
వేళ్ళ కణుపులు వాచి, ప్రెస్ పిడి లాగలేక
"నీ చేతులు అప్పిస్తావా" అంది ఒకరోజు.
మిషనూ, డబ్బాలూ, నూనె మరకల నోటుబుక్కూ
మా గరాజ్‌కి కాపురానికొచ్చేశాయి.

కాల్చేసిన ఇత్తడి గొట్టాలు కాఫీ డబ్బాలో తెస్తుంది.
అక్రోటు పెంకుల పొడిలో రాత్రంతా దొర్లిస్తే
తాకట్టు విడిపించిన నగల్లా పైకొస్తాయి.
పాత ప్రైమర్ ఊడి గ్లాసులో టిక్కుమంటుంది.
కొత్తదాన్ని భూతద్దంలో చూశాను.
లోపల బుల్లి దాగలి ఒకటి,
చీమల్లో కంసాలి ఉంటే వాడి దుకాణానికి సరిపోయేది.
"సుత్తి తుపాకీలో ఉంటుంది" అంది డెల్ఫీన్.

మొన్న యాభై చేశాను.
ముప్పై దాటాక ఎక్కడో ఫోను మోగింది.
తీయలేదు. చెయ్యి మాత్రం ఆగింది.
మందు పడిందా? పడలేదా? రెండుసార్లు పడిందా?
సీసం బిగించాక గొట్టం నోరు విప్పదు.
తక్కువైతే తూటా దారిలోనే ఇరుక్కుంటుంది.
ఎక్కువైతే తుపాకీ చేతిలోనే విచ్చుకుంటుంది,
ఆ వాచిన చేతిలో.

నేను డ్యూటీ నుంచి వచ్చేలోపే డబ్బా పట్టుకెళ్ళిపోయింది.
పరుగున వెళ్ళి అడిగితే మారుమాట లేకుండా ఇచ్చింది.
లెక్కపెట్టాను. నలభై ఐదు.
"కాల్చావా?"
"లేదు."
"మరి ఐదు?"
కుక్కకి నీళ్ళు పోసింది. కిటికీ తెర సరిచేసింది.
"మంచం పక్క సొరుగులో" అంది. "ఆ చిన్నదాంట్లో ఐదే పడతాయి."

చిన్నది ఒకటుందని నాకు తెలియదు.

వెనక తలుపుకి కొత్త గొళ్ళెం ఉంది.
ఫ్రిజ్ మీద, అయస్కాంతం కింద, ఆసుపత్రి కాగితం ఉంది.
రెండూ చూశాను. ఏది జవాబో తేలలేదు.
ఆ ఐదూ కూడా తెచ్చిచ్చింది, నా అరచేతిలో పోసింది.
"మంచివి చేసి రేపివ్వు" అంది,
నిమ్మకాయలు అడిగినట్టు.

ఒక్కోదాన్నీ కొట్టి, విప్పి, తూస్తున్నాను.
నలభై తొమ్మిది సరిగ్గానే ఉన్నాయి.
యాభయ్యోదీ సరిగ్గానే ఉంది.
ఏ తప్పూ జరగలేదు.
ఆ ఐదూ మొదట్నుంచీ పేలేవే.

మందు అన్న మాటని మనవాళ్ళు
ఇన్నింటికి ఎందుకు పెట్టారో.
ఐదు ఖాళీ గొట్టాలు బల్ల మీద నిలబడి ఉన్నాయి,
నోళ్ళు తెరుచుకుని.
ఆవిడ సొరుగు గురించి అడగాలంటే
ముందు నా గరాజ్ గురించి చెప్పాలి.
గురిగింజ సామెత నాకూ తెలుసు.

త్రాసు మీద గుడ్డ కప్పాను.
వాళ్ళ వంటింట్లో దీపం ఇంకా వెలుగుతోంది.
చేతులు కడుక్కోవడం గుర్తే లేదు,
నల్లటి బొటనవేలితోనే గంట నొక్కాను.