నాలుగు మరలు

టోర్‌గ్రిమ్,
పంపు కడక్కుండా తిరిగిచ్చావు.
మాల్ట్ కొట్టు తలుపు మేకుకి తగిలించి
ట్రాక్టరు చప్పుడైనా వినపడనివ్వకుండా వెళ్ళిపోయావు.

ఈ స్ట్యోర్దాల్ లోయలో మన తొమ్మిదిళ్ళకీ ఒకటే పంపు.
ఎవరు బీరు కాచినా, కాచిన రాత్రే
వేడినీళ్ళలో చాకలిసోడా కలిపి పావుగంట తిప్పాలి,
తేటనీరు వచ్చేదాకా చన్నీళ్ళు వదలాలి,
తల విప్పి ఆరబెట్టాలి. తడి ఉంచరాదు.
గోడమీద ఎర్ర పెయింటుతో రాసింది నువ్వే,
పందొమ్మిదేళ్ళ కిందట.
తడి అన్న మాట కింద రెండు గీతలు కూడా గీశావు.

నేను ఆవులదాన్ని.
పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి
నలభై ఏళ్ళుగా పాలగొట్టాలు కడిగిన చేతులివి.
పాలకి దయ లేదు, ఒక్క పూట వదిలేస్తే పగబడతాయి.
మాల్ట్ రసం పాలకి చెల్లెలే.

మూత తియ్యకముందే ముక్కు చెప్పింది, పదకొండు రోజులని.
తీపి పులిసి, పులుపు కుళ్ళి,
అన్నిటికీ అడుగున ఆల్డర్ కట్టె పొగ
ఇంటిపేరులా ఇంకా మిగిలే ఉంది.
ఆ పొగ నీ పొయ్యిది కాక ఇంకెవరిది?

ముసలాడికి బద్ధకం బలిసిందని
పిల్లితో అన్నాను.
పిల్లి ఒప్పుకుంది.

కొన్న రోజు ఇంగెబ్రిగ్ట్ తాత నవ్విన నవ్వు గుర్తుందా?
"మేం గరిటెతో పోసుకున్నాం. గరిటెకి కరెంటు అక్కర్లేదు."
నువ్వు ఓపిగ్గా విప్పి చూపించావు.
మోటారు ఇటు, రసం అటు, నడుమ గోడ.
ఇవతల అయస్కాంతం తిరిగితే
అవతల రెక్కలచక్రం తిరుగుతుంది,
ముట్టుకోకుండానే.
"యాభై ఏళ్ళ కాపురం నాది,
ఈ విద్య నాకు తెలియంది కాదు" అన్నాడు తాత.

స్క్రూడ్రైవర్ పెట్టాను.
పట్టలేదు.
కిటికీ దగ్గరికి లాక్కున్నాను.
జూన్ కదా, రాత్రి పదకొండుకీ చదువుకునేంత వెలుగు.

నాలుగు మరల తలలూ అరిగి గుండ్రమయ్యాయి.
గాడి ఉండాల్సిన చోట గుంట.
చుట్టూ స్టీలు మీద గీతలు,
జారి, మళ్ళీ పెట్టి, మళ్ళీ జారి,
కొన్ని అంచుదాకా పొడుగ్గా,
కొన్ని సన్నగా, ఒకదాని మీద ఒకటి,
కోడి కెలికిన నేలలా.
మూడో మర పక్కన
ఎండిన నెత్తురు, ఆవగింజంత.

మొన్న ఆదివారం కాఫీ కప్పు
రెండు చేతుల్తో పట్టుకున్నావు.
చలి అన్నావు.

పిల్లి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

డ్రిల్లు పెట్టి తలలు కోసేశాను.
లోపల రెక్కల సందుల్లో బూడిదరంగు జిగురు,
ఇరుసుకి చుట్టుకున్న హాప్ పూరేకు,
ఒక జునిపర్ ఆకు, ఇంకా పచ్చగా, సిగ్గులేకుండా.
పళ్ళ బ్రష్షు, సోడా, మరిగే నీళ్ళు,
మళ్ళీ నీళ్ళు.
రబ్బరు రింగు నలిగి చప్పిడైంది, కొత్తది వేశాను,
వేలితో కాస్త గ్రీజు రాశాను.
ఆరాక చెవి ఆనించి విన్నాను,
గరగర లేదు.

పాత పాలట్యాంకు మూతకి
చెవులున్న మరలుంటాయి చూడు,
బొటనవేలితో తిప్పేవి,
నాలుగూ పీకి తెచ్చి దీనికి బిగించాను.
ఉన్ని తొడుగు వేసుకుని, ఎడమచేత్తో,
కళ్ళు మూసుకుని విప్పి చూశాను.
వచ్చాయి.
తొడుగు మీదే మళ్ళీ బిగించాను.

పాత మరలు తుప్పుపట్టాయని
మిగతా ఎనిమిదిళ్ళకీ చెప్పాను.
స్టీలుకి తుప్పేమిటని
ఎవరూ అడగలేదు.

శనివారం నీ వంతు.
తడి ఉంచకు.