ఆదివారం మాత్రమే

నెల్లిమర్ల దాటాక, గోనెసంచుల పాత గోడౌను.
తాళం నా దగ్గరే ఉంటుంది గానీ
తలుపు తీయాలంటే ఇద్దరు కావాలి,
ఒకడు గడియ లాగాలి, ఒకడు రేకు ఎత్తిపట్టాలి.
అసిరినాయుడు సైకిలు దిగేదాకా
విమానం చీకట్లోనే.

రెండు సీట్ల విమానం.
ఏ ఊళ్లోనో కుర్రాళ్లకి ఎగరడం నేర్పి నేర్పి
ఇంజను ఊడదీయించుకుని
లారీ ఎక్కి వచ్చింది.
ఎడమ రెక్క మీద ఎవడో మేకుతో
తన పేరూ, ఒక గుంట పేరూ గీశాడు.
తోక మీది అంకెలు నావి.

ముప్పై ఏళ్లు సైన్‌బోర్డులు రాశాను.
రైసుమిల్లులు, మెస్సులు, పళ్ల డాక్టర్లు.
ఫ్లెక్సీ వచ్చాక నా కుంచెలు
డబ్బాలో నిలబడే గట్టిపడ్డాయి.
మళ్లీ రంగులో తడిసింది ఇక్కడే:
రెండు, ఏడు, నాలుగు.
ఏడుకి వంపు ఎక్కువైందని
ధర్మారావుగారు ఇప్పటికీ మొహం చిట్లిస్తారు.

ఆయన వైమానిక దళంలో పదిహేనేళ్లు బోల్టులు బిగించారు.
"ఎన్నిసార్లు ఎగిరారు తాతా?" అంటే
"ఒక్కసారి. బస్తాల మధ్య కూచుని."
నవ్వరు.

అసిరినాయుడు మిల్లులో ఫిట్టరు.
మిల్లు మూశాక చేతులు ఊరుకోక
చక్రాలకి గ్రీజు పెడతాడు, ఎక్కడికీ పోని చక్రాలకి.
ఖతీజాబీ పెళ్లిజాకెట్ల గడువుల మధ్య
పైలట్ సీటుకి కవరు కుట్టింది.
కొలత కోసమని ఎక్కి
ఇరవై నిమిషాలు దిగలేదు.
మేమెవరం పిలవలేదు.

పోయిన వారం డబ్బాలో
ఎనభై రెండు రూపాయలు, ఒక చొక్కా గుండీ.
కరెంటు బిల్లు సంగతి
తరవాత మాట్లాడుకుందాం.

ఒక ఆదివారం భోగాపురం వైపు నుంచి
తాడ్డి పాపమ్మ వచ్చింది,
తువ్వాల్లో ఏదో చుట్టుకుని.
విప్పితే, మసిపట్టిన రేకు. అంచు వంపు తిరిగి,
అర అంగుళానికొక చిన్న చిల్లు.

"మా అయ్యకి జీడితోటలో దొరికిందట బాబూ,
యుద్దం రోజుల్ల. నానప్పటికి పుట్నేదు.
మా యమ్మ దీన్తోనే గెంజి వార్సీది. నానూ అంతే."

ధర్మారావుగారు వెలుగులోకి పట్టుకెళ్లారు.
చిల్లులన్నీ వేలితో లెక్కపెట్టారు.
మళ్లీ లెక్కపెట్టారు.
కుర్చీ అడిగారు.

ఇక్కడ ఉంచేయమ్మా, అన్నాం.
"ఒగ్గీసి ఎల్తే రేపు దేన్తో వార్సను?"
స్టీలు మూత కొనిస్తామన్నాం.
"అది జారిపోద్ది."

చీటీ రాసే పని నాది.
కుంచె ముంచి అడిగాను, ఏమని రాయను?
"విమానం ముక్క అని రాయకు.
అయ్యుండొచ్చు అని రాయి.
తెలీనిది తెలీదని రాయి" అన్నారాయన.
"గెంజిమూత అని రాయి బాబూ,
అది మాత్రం నాకు తెలుసు" అందావిడ.

రెండూ రాశాను. కింద చిన్నక్షరాల్లో
ఆదివారం మాత్రమే.

అప్పట్నుంచి వారం వారం
తెల్లారే అన్నం వార్చి, మూత తుడిచి,
బస్సెక్కి వస్తుంది.
నా చేతికిచ్చేసరికి
ఇంకా గోరువెచ్చగా ఉన్నట్టే ఉంటుంది. ఉండదు, నాకు తెలుసు,
గంట ప్రయాణం.
గోడౌనంతా 'ముట్టరాదు' అని నేనే రాశాను,
ఆ బల్ల దగ్గర తప్ప.
పిల్లలు చిల్లుల్లోంచి ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు.
సాయంత్రం ఐదుకి మూత ఇంటికెళ్లిపోతుంది.

ఈ ఆదివారం పదకొండైంది.
బల్ల మీద నా చీటీ ఒక్కటే ఉంది.
కొత్తవలస నుంచొచ్చిన పిల్లాడు
చీటీ కూడబలుక్కుని చదివి,
బల్ల కిందికి కూడా వంగి చూసి,
"ఏదండీ?" అన్నాడు.

ధర్మారావుగారు బస్సులొచ్చే వైపు తిరిగి నిలబడ్డారు.
అసిరినాయుడు గ్రీజు చేతులు
గోనెపట్టాకి తుడుచుకుంటూ అన్నాడు:
"ఉండ్రా. ఇంకా అన్నం ఉడకనేదు."