మూడు వేళ్ళ పిడి

ముందు గాలి సీసా విప్పేశాను.
గొట్టం నేలకేసి తిప్పి రెండుసార్లు మీట నొక్కాను.
బుస్సుమని ఒక నిట్టూర్పు.
ఇక అది ఎవర్నీ ఏమీ అనలేదు.
వంటింటి బల్లమీద పాత పేపర్లు పరిచి
నా పెయింట్‌బాల్ మార్కర్‌ని
వెల్లకిలా పడుకోబెట్టాను.

బయట లియెపాయ గాలి.
ఈ ఊళ్ళో గాలి ఆగిన రోజున
జనం కిటికీలు తెరిచి ఏమైందోనని చూస్తారు.

పిడి చేసినవాడు
ఐదు వేళ్ళ మనిషిని దృష్టిలో పెట్టుకున్నాడు.
తప్పు పట్టను, ఎక్కువమంది అలాగే ఉంటారు.
నా కుడిచేతికి మూడే.
చిటికెన వేలూ ఉంగరపు వేలూ
కర్రల మిల్లులో చిత్రిక యంత్రం తీసుకుంది,
పదకొండేళ్ళ కిందట, ఒక మంగళవారం,
టీకి ఇంకా ఐదు నిమిషాలుందనగా.
నొప్పి గుర్తులేదు.
ఆ టీ తాగలేదన్నదే గుర్తు.

గరుకు కాగితంతో పాత నలుపంతా రుద్దాను.
నలుసులు లేచి కాఫీలో పడ్డాయి, తాగేశాను.
తర్వాత రెండు రంగుల పుట్టీ ముద్దలు
ఒకే బూడిదరంగు వచ్చేదాకా పిసికి,
పిడికి మెత్తి, పైన పల్చటి ప్లాస్టిక్ చుట్టి,
పట్టుకున్నాను.
పది నిమిషాలు కదపొద్దని డబ్బామీద రాసుంది.

నాలుగో నిమిషంలో తలుపు చప్పుడు.
ఎడమచేత్తో తీశాను.
కుడిచేతిలో మార్కర్, దాని మూతి నేలకేసి.
పై అంతస్తు వెల్గా, చేతిలో గిన్నె.
ఒకసారి నన్నూ, ఒకసారి దాన్నీ చూసి,
"గుప్పెడు ఉప్పు అడుగుదామని వచ్చాను ఇల్గ్వార్స్,
లేదంటే లేదని చెప్పొచ్చుగా" అంది.

పదో నిమిషంలో వదిలాను.
బొటనవేలికో గుంట,
మధ్యవేలికో చాలు.
లేని వేళ్ళ చోట మాత్రం
ముద్ద పొంగి, గుండ్రంగా నిండి ఉంది.
ఎన్నాళ్ళుగానో అక్కడ ఏముందో నాకు తెలీదు.
ఇదన్నమాట.
కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.
ఉప్పు ఇవ్వడం మర్చిపోయాను.

దానిమీద హాకీ కర్రకు చుట్టే బట్ట టేపు,
కింద నుంచి పైకి, చుట్టుకి చుట్టు సగం కప్పేలా.
ఈ దేశంలో అన్నం లేని ఇల్లుంటుంది గానీ
ఆ టేపు లేని ఇల్లుండదు.

ఒంటికి లేత పచ్చ.
అది ఆరాక, పాత కోట శిథిలాల్లోంచి తెచ్చిన
ఫెర్న్ ఆకులు అద్ది, పైన ముదురు పచ్చ చల్లాను.
ఆకు తీస్తే ఆకు మిగిలింది.
నడివేసవి రాత్రి ఫెర్న్ పూస్తుందని మావాళ్ళంటారు.
అడవిలోకి జంటగా వెళ్ళినవాళ్ళు
పూవు దొరకలేదనే చెబుతారు, నవ్వుతూ.

ఆదివారం సముద్రపొడ్డున ఆట.
కూలిన ఫిరంగి గదుల మధ్య, ఇసుక, తుప్పు, నాచు.
రెనార్స్ మార్కర్ గాలి కారుతోందని
నాది ఒక్క ఆటకి అడిగాడు.
పట్టుకుని, తిప్పి, మళ్ళీ పట్టుకుని,
"మామా, ఈ రెండు వేళ్ళూ ఎక్కడ పెట్టుకోవాలి?"
అన్నాడు, పాపం, ఆలోచించకుండానే.
ఆ మాట వాడి చెవిలో పడేసరికి
ముసుగు లోపల మొహం ఎర్రబడే ఉంటుంది.
"నన్నడిగితే ఎలారా" అన్నాను.
ముందు నేనే నవ్వాను.

వాడు దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని
పిల్లని ఎత్తుకున్నట్టు పరిగెత్తాడు.
మూడడుగులకే అవుటయ్యాడు.
గుండు సరిగ్గా మార్కర్ మీదే పగిలింది,
ఫెర్న్ ఆకు కొసన,
ఇంత నారింజ రంగు.

తుడవకుండా ఇంటికి తెచ్చాను.
మెట్లమీద వెల్గా ఎదురైంది.
చాలాసేపు చూసింది.
"కడిగెయ్, మరకైపోతుంది" అంది,
"ఉప్పు కూడా ఇంకా ఇవ్వలేదు."